తిప్పతీగను తెలిసి వాడదాం

వేపచెట్టును అల్లుకున్న తిప్పతీగ ఒంటికి మంచిదని పెద్దల మాట. గుడూచి పేరుతో ఆయుర్వేదంలో దానికి గొప్ప స్థానమే ఉంది. కరోనా కాలంలో అది ఎన్నో ఇళ్లలో రోజువారీ కషాయమైంది. 2021లో ముంబయి వైద్యులు, దాన్ని వాడిన ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్నట్టు నివేదించారు. మరుసటి ఏడాది దేశంలోని 13 వైద్య కేంద్రాల నుంచి అలాంటి 43 మంది వివరాలు వెలువడ్డాయి. వారిలో పలువురికి రోగనిరోధక వ్యవస్థే కాలేయంపై దాడి చేసిన లక్షణాలు కనిపించాయి. అదే పోలికలున్న మరో తీగ వల్ల ఇలా జరిగి ఉండవచ్చని ఆయుష్ శాఖ అన్నది. ఆ మాటే నిజమైనా, కంచె మీద తీగను మనమే కోసుకుని మరిగించడం ఎంత ప్రమాదమో తెలుస్తూనే ఉంది కదా!

తరతరాలుగా వాడారు కదా అంటారు. నిజమే, కానీ అనుభవం గల వైద్యుడు రోగిని చూసి మోతాదు, పథ్యం, రోజులు చెప్పేవాడు. నెలల తరబడి ఎవరికి వారు తాగడం ఆ సంప్రదాయం కాదు. చెట్టుమందు హాని చేయదన్న నమ్మకమూ నిలవదు. గన్నేరు కూడా పెరటి మొక్కే, ప్రాణం తీస్తుంది. ఒంట్లో మార్పు తేగల శక్తి ఉన్న దేనికైనా హద్దు ఉండాలి. తిప్పతీగ రక్తంలో చక్కెరను తగ్గించగలదు కాబట్టి మధుమేహానికి మందులు వాడేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. కాలేయ జబ్బు, కీళ్లవాతం, థైరాయిడ్ సమస్య ఉన్నవారు వైద్యుణ్ణి అడగకుండా ముట్టుకోకండి. కళ్లు పచ్చబడితే వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్లండి, ఏ కషాయం తాగారో దాచకుండా చెప్పండి.