గంజి వార్చినట్టు ఆపాలి నాయనా

హైబ్రిడ్ కారు కొన్నావు, సంతోషం. కానీ వచ్చినప్పుడల్లా అదే మాట. "లీటరుకు 28 ఇస్తుందన్నారు, నాకు 18 దాటడం లేదు పెద్దనాన్నా" అంటావు. బండిని తిట్టకు నాయనా, ఇలా వచ్చి ఈ అరుగు మీద కాసేపు కూర్చో. గ్రాండ్ విటారా అయినా, హైరైడర్ అయినా కంపెనీవాళ్లు చెప్పే 27.97 పరీక్షలో వచ్చిన అంకె. నువ్వు తిరిగేది అమీర్‌పేట సిగ్నళ్ల మధ్య. ఆ అంకె కోసం దిగులు పడకు. పోయిన నెల కన్నా ఈ నెల కాస్త మెరుగైతే చాలు.

ముప్పై ఏళ్లు ఆర్టీసీ బస్సు నడిపినవాణ్ణి. డిపోలో మా ఒక్కొక్కరికీ కేఎంపీఎల్ లెక్క రాసేవారు, లీటరు డీజిలుకు ఎన్ని కిలోమీటర్లు తిప్పామని. అదే బస్సు, అదే రూటు. అయినా ఒకరికి ఎక్కువ వచ్చేది, ఒకరికి తక్కువ వచ్చేది. బండి అదే, దారి అదే, కాలు వేరు. అంతే తేడా.

మా బస్సుకు బ్రేకు వేస్తే ఆ ఊపంతా వేడైపోయి గాలిలో కలిసేది. నీ బండి అలా కాదు, పొదుపరి. మెల్లగా బ్రేకు నొక్కితే చక్రాలే మోటారును తిప్పుతాయి, కరెంటు పుట్టి బ్యాటరీలోకి చేరుతుంది. మీ నాయనమ్మ అన్నం వార్చడం గుర్తుందా? నిదానంగా గిన్నె వంచితే గంజి చుక్క పోకుండా కిందికి దిగేది, ఉప్పేసుకుని తాగేవాళ్లం. తొందరపడితే గంజీ పోయేది, మెతుకులూ పోయేవి. నీ బ్రేకూ అంతే. దబాల్న తొక్కావంటే అంత ఊపును పట్టుకోవడం మోటారు వల్ల కాదు. మామూలు బ్రేకులు అందుకుంటాయి, చేతికి రావలసింది వేడైపోతుంది. అందుకే దూరం చూడు. అక్కడ లైటు ఎర్రబడితే ఇక్కడే కాలు తియ్యి. గంజి వార్చినట్టు ఆపు.

అలాగని మరీ నత్తలా పోకు. ఇంజను లేవకూడదని పట్టుబట్టి బ్యాటరీ మీదే పాకుతున్నావట, వెనకవాళ్లు హారన్లు కొడుతున్నారట. ఆ బ్యాటరీలోది ఉచితం కాదురా. ప్లగ్గు లేని బండికి ప్రతి చుక్క కరెంటూ చివరికి నువ్వు పోయించిన పెట్రోలు నుంచి వచ్చిందే. బ్యాటరీ చిన్నది, ఖాళీ అయితే మళ్లీ ఇంజనే నింపాలి. హాయిగా వేగం అందుకో, అందుకున్నాక కాలు వదులు చెయ్యి, ఇంజను దానంతటదే నిద్రపోతుంది.

దిగుడులో న్యూట్రల్ వేసే పాడు అలవాటు మా రోజుల్లో కొందరికి ఉండేది. అప్పుడే తప్పు, నీ బండికైతే ప్రమాదంతో పాటు నష్టం కూడా, న్యూట్రల్లో బ్యాటరీ నిండదు. డి లోనే ఉంచు. శ్రీశైలం ఘాటు లాంటి పొడుగాటి దిగుడుకే బి గేరు. రోజూ వాడేది కాదు.

ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే 120కి అనుమతి ఉంది కదా అంటావు. అనుమతి ఉంటే ఆజ్ఞ అయినట్టా? 80 మీద ఎదురుగాలి ఎంత తోస్తుందో, 120 మీద దానికి రెండింతల పైన తోస్తుంది. ఆ తోపుకు కప్పం కట్టేది నీ జేబే.

చిన్న సంగతులూ విను. టైర్లలో గాలి పదిహేను రోజులకోసారి, పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు చూపించు. ఎంత పట్టించాలో డ్రైవరు తలుపు పక్క స్టిక్కరు మీదే ఉంటుంది. ఎండలో నిలిపిన బండిలో ముందు అద్దాలు దించి వేడి పోనివ్వు, తర్వాతే ఏసీ. నిలబెట్టి ఏసీ వేసుకుని ఫోను చూస్తూ కూర్చుంటే బ్యాటరీ కరుగుతుంది, ఇంజను లేస్తుంది. పాల ప్యాకెట్టుకు నడిచి వెళ్లు. చల్లారిన ఇంజను వేడెక్కడానికే పెట్రోలు తాగుతుంది, వేడెక్కేలోపు నువ్వు ఇంటికి వచ్చేస్తావు.

ఇంతా చేస్తే ఏమిటంటావా? నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగేవాడికి 18 కాస్తా 22 అయితే పది లీటర్లు మిగిలాయి. లీటరు నూరు దాటిన రోజుల్లో అది పిల్లదాని సంగీతం ఫీజు. డబ్బు ఒక్కటే కాదు. మొన్న మీ అమ్మ నీ బండి దిగి నడుము పట్టుకుంది. దారి పొడుగునా పై హ్యాండిల్ వదల్లేదట. నీతో అనలేదు, నాతో అంది.

నువ్వు చెడ్డవాడివి కాదు, తొందరవాడివి. ఆ తొందర బండిలో పుట్టింది కాదు, ఇంట్లో పుట్టింది. ఆలస్యంగా గుమ్మం దాటినవాడి కాలు మెత్తగా ఎలా ఉంటుంది? పది నిమిషాలు ముందు బయల్దేరు నాయనా. కాలు దానంతటదే తేలికవుతుంది, బ్రేకు దానంతటదే మెత్తబడుతుంది. వచ్చే ఆదివారం మీ అమ్మను గుడికి తీసుకెళ్లు. దారిలో ఆవిడ ఆ హ్యాండిల్ వదిలి కునుకు తీసిందంటే, నీ మైలేజీ సంగతి నన్ను అడగక్కర్లేదు.

సరే, పొద్దు పోతోంది. టైర్లలో గాలి చూశావా? చూసుకుని, మెల్లగా వెళ్లు.