ఏం తక్కువ చేశాం?

“ఇంత పెట్టి పోషిస్తున్నా ఎదగదేం?” అనే ప్రశ్న మొక్కల గురించీ వేస్తాం, మనుషుల గురించీ వేస్తాం. పైకి బెంగలాగే ఉంటుంది గాని, కాస్త చెవి ఒగ్గి వినండి, లోపల నేరారోపణ వినిపిస్తుంది. పెట్టినవారిది తప్పు లేదట, లోపమంతా తిన్నవాడిదేనట!

కూజా మొక్క సంగతే చూడండి. శాస్త్రజ్ఞులు నెపెంథిస్ అంటారు. ఆకు చివర తీగ సాగి, దాని కొసన మూతతో సహా ఓ కూజా వేలాడుతుంది. అందులో జారిపడ్డ పురుగే దాని భోజనం. సారం లేని నేలలో పుట్టింది గనక, వేళ్ళకు చాలినంత దొరకని నత్రజనిని అలా సంపాదించుకుంటుంది. మన దేశంలో సహజంగా పెరిగేది ఒక్కటే రకం, అదీ ముఖ్యంగా మేఘాలయ కొండల్లో.

దీన్ని పెంచేవారి మొదటి ఫిర్యాదు, ఆకులొస్తున్నాయి గాని కూజాలు రావడం లేదని. వెంటనే బలానికని కుండీలో గుప్పెడు ఎరువు వేస్తారు. ఆ బలమే వేళ్ళను మాడ్చేస్తుంది. బోరునీళ్ళు పోస్తే అందులోని లవణాలు మట్టిలో పేరుకుంటాయి. అది అడిగేది చాలాసార్లు మరికాస్త వెలుతురు, గాలిలో తేమ, వాననీళ్ళు, అంతే.

19వ శతాబ్దంలో ఇంగ్లండు తోటలవాళ్ళదీ ఇదే వరస. బోర్నియోలోని కినబాలు పర్వతం మీద 1858లో దొరికిన ‘రాజా’ రకం చల్లని రాత్రులకు అలవాటుపడ్డది. ఉష్ణదేశపు మొక్క కదా అని ఇలాంటి కొండ రకాలను కూడా వేడి అద్దాల గదుల్లో పెట్టేవారు. పాపం, ఉక్కకు చాలా మొక్కలు పోయాయి. ప్రేమకు లోటు లేదు, ఖర్చుకూ లోటు లేదు.

పల్లె నుంచి పట్నం తెచ్చుకున్న ముసలితల్లి చిక్కిపోతుంటే, “నీకేం తక్కువ చేశామమ్మా?” అంటాం. ఫ్యాను, పాలు, మాత్రలు అన్నీ లెక్క చెబుతాం. ఏం ఎక్కువ చేశామో మాత్రం అడగం. వద్దన్నా కూర్చోబెట్టి, పనంతా లాగేసుకుని, అరుగు మీద నాలుగు కబుర్లకు కూడా చోటు లేకుండా చేశామేమో!

అలాగని పట్టించుకోకుండా వదిలేయమని కాదు. ఇచ్చేది మన తృప్తికా, వారి అవసరానికా అని ఒకసారి చూసుకోమని. ఇంకో మాట. మాడిన ఆకు మళ్ళీ పచ్చబడదు. నీరూ వెలుతురూ సరిచేశాక కొత్త ఆకు కోసం నెలల తరబడి కాచుకోవాలి. ఆ ఓపిక కూడా పోషణలో భాగమే. ఎరువు కొనడం సులువు గనక మనం ముందు అది కొంటాం, అంతేనంటారా?