ఉపాధ్యాయుని తోడ్పాటునకు మేర యేది?

పరమాత్మకును జీవునకును నడుమ మధ్యవర్తి యక్కఱలేదని మన సమాజము తొలినాటినుండియు బోధించుచు వచ్చినది. పురోహితుడు లేనిదే భగవంతుని చేరరాదనుట ఆత్మస్వాతంత్ర్యమునకు భంగమని మనము వాదింతుము. అయినను బడి గడప దాటినతోడనే ఈ సిద్ధాంతమును మఱచుట మనకు వాడుకయైనది. అచట జ్ఞానమునకును శిశువునకును నడుమ ఉపాధ్యాయుడే పురోహితుడై నిలుచుచున్నాడు. ఆయన చెప్పినప్పుడే పుట తిరుగవలయును. ఆయన నడచిన వేగముననే యెల్లరును నడువవలయును. ఇది ధర్మమగునా యని విచారింపవలసియున్నది.

చిత్తూరు, తిరుపతి ప్రాంతములందలి మెట్టపల్లెలలో నొక చిన్న బడికి నూతనముగా వచ్చిన ఉపాధ్యాయుని స్థితిని భావింపుడు. ఉన్నది యొక్కటే గది. అందు పలు తరగతుల పిల్లలు. ఒకరికి అక్షరములు నేర్పవలయును, మఱియొకరికి భాగహారము చెప్పవలయును. వేరుశనగ కాయలు పెఱుకు దినములలో తల్లి చేనికి పోగా, తమ్ముని చూచుకొనుటకై యొక బాలిక యింటనే నిలిచిపోవును. మూడు వారముల పిమ్మట ఆమె మరల వచ్చి కూర్చుండునప్పటికి పాఠము మూడు వారముల దూరము పోయియుండును. తప్పెవరిది? బాలికది కాదు, తల్లిదియు కాదు. ఎవరి కొఱకును నిలువని పాఠముననే లోపమున్నది.

అట్టి సమయమున క్రొత్త ఉపాధ్యాయునకు తోచు నుపాయములు రెండు. గద్దించి పరుగెత్తించుట యొకటి. జాలిపడి లెక్కను తానే చేసియిచ్చుట రెండవది. మొదటిది క్రౌర్యమని యెల్లరు నెఱుగుదురు. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము శరీరదండనమును, మానసిక వేధింపును నిషేధించినది. రెండవదియు హానికరమేయని గ్రహించువారు కొందఱే. పలకమీది లెక్క సరిపడును గాని, ఇది నా వలన కాదను తలంపు ఆ బాలిక మనస్సున పాతుకొనును. కోపము బిడ్డను భయపెట్టును. వివేకములేని జాలి బిడ్డను బలహీనపఱచును.

ఈ చిక్కునకు సమాధానము వెదకినవారు మన ప్రాంతముననే కలరు. 1895లో మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తిగారు బాల్యమున మందబుద్ధియనిపించుకొని బడిలో దెబ్బలు తినినవారు. 1919లో అదే మదనపల్లెలో విడిసి, తన జనగణమన గీతమును ఆంగ్లీకరించిన రవీంద్రనాథ ఠాకూరుగారును చిన్ననాడు బడిగోడల నడుమ ఇమడలేనివారే. పిల్లలనుగూర్చి పెద్దలు తొందరపడి చెప్పు తీర్పు ఎంత నమ్మరానిదో ఇందువలన తెలియగలదు.

కృష్ణమూర్తిగారి ఆశయములతో మదనపల్లెకు చేరువ వెలసిన ఋషివ్యాలీ సంస్థ, చుట్టుపట్ల పల్లెబిడ్డల కొఱకు చిన్న బడులను నెలకొల్పినది. అచట పద్మనాభరావు, రమ దంపతులు పాఠ్యపుస్తకమును చిన్న చిన్న కార్డులుగా విడదీసి, వానిని నిచ్చెన మెట్లవలె వరుసగా నమర్చిరి. ప్రతి శిశువును తానున్న మెట్టునుండియే సాగును. కొన్ని పనులకు ఉపాధ్యాయుడు పూర్తిగా తోడుండును, కొన్నిటికి కొంతమాత్రమే, కొన్నిటికి తోడిపిల్లలు సాయపడుదురు, కొన్నిటిని శిశువు తానొక్కతెయే, తానొక్కడే చేసికొనును. చేనినుండి తిరిగివచ్చిన బాలికకు ఆమె విడిచిపోయిన కార్డు విడిచిన చోటనే యుండును. 1995లో కర్ణాటకమునందలి హెగ్గడదేవనకోటలో మొదలైన నలి-కలి పద్ధతికిని, 2003 మొదలు చెన్నపురి నగరపాలక పాఠశాలలలో ప్రవేశించిన పద్ధతికిని ఇదియే స్ఫూర్తి.

అలిపిరినుండి తిరుమలకు కాలినడకను పోవువారిని మనమెల్లరమును చూచియున్నాము. మూడున్నర వేలకు పైబడిన ఆ మెట్లను వృద్ధులును పసివారును ఎక్కుచునే యున్నారు. మోకాలి పర్వతము కడ చతికిలబడిన వానిని చూచి, నీవు దారి తప్పితివని యెవరును నిందింపరు. లేచిన పిమ్మట తఱువాతి మెట్టే అతనిది. డోలీలో పోవువాడును కొండపైకి చేరును గాని, వాని కాళ్లకు బలము చేకూరదు.

ఎవరి వేగము వారిదన్నచో సోమరులు పెరుగరాయని కొందఱడుగవచ్చును. ఈ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. విడిచిపెట్టుట వేఱు, స్వేచ్ఛనిచ్చుట వేఱు. ఎవరు ఏ మెట్టున నెంతకాలముగా నిలిచిరో దినదినమును గమనించుట, నిలిచిన వారి ప్రక్కన కూర్చుండుట, వారు కదలినతోడనే లేచి యావలకు పోవుట, ఇవి యుపన్యాసమిచ్చుటకంటె కష్టతరమైన పనులు. ఈ శ్రద్ధ లేక కార్డులు పంచినంతమాత్రమున, పాత భయమునకు క్రొత్త చొక్కా తొడిగినట్లే యగును. కాకినాడలో పిఠాపురము రాజావారి కళాశాలకు 1904 మొదలు 1919 వఱకు అధ్యక్షులైయుండిన రఘుపతి వేంకటరత్నము నాయుడుగారిని నేటికిని స్మరించుకొనుచున్నామన్న, పాఠము చెప్పిన నేర్పునకు మాత్రమే కాదు; శిష్యుని శీలమునందు వారుంచిన శ్రద్ధకు.

కావున సోదరులారా, సోదరీమణులారా, తోడ్పాటునకు మేర యిదియని మనకు తోచుచున్నది. తన యక్కఱను దినదినమును తగ్గించునదే సత్యమైన సాయము, పెంచునది బంధము. సర్వాంతర్యామియైన పరబ్రహ్మము ప్రతి శిశువు హృదయమునందును వెలుగుచున్నాడని నమ్మువారికి, ఆ వెలుగును తామే తెచ్చి యిచ్చుచున్నామను గర్వము తగదు. దానికి అడ్డుగా నిలువకుండుట, గాలికి కొండెక్కకుండ చేయి అడ్డుపెట్టుట, ఈ రెంటి నడుమనే యున్నది ఉపాధ్యాయ ధర్మము. బడిలో క్రొత్తగా కాలిడినవారు ప్రతి సాయంకాలమును తలుపు మూయుటకు ముందు తమ్ము తామడుగుకొనవలసిన ప్రశ్న యొక్కటే: నేడు నా చేయి విడిచి నడచిన బిడ్డ యెవరు?