వంశవృక్షంలో చోటు ఎవరికి?

పెళ్ళి కుదిరినప్పుడు జ్ఞానస్నాన ధ్రువపత్రం కోసం విచారణ కార్యాలయానికి వెళ్ళి, అక్కడి పాత రిజిస్టరును మీరు చూసే ఉంటారు. జ్ఞానస్నానాలు, వివాహాలు ఇలా నమోదు చేయాలని ట్రెంట్ మహాసభ 1563లో ఆదేశించింది. ఈ పుస్తకాల పుణ్యమా అని కెనడాలోని క్యూబెక్ ఫ్రెంచి కుటుంబాలు తమ వంశాన్ని దాదాపు నాలుగు వందల ఏళ్ళ వెనుకకు చెప్పుకోగలవు. అలా వెనుకకు వెళ్ళేవారిలో ఎందరో మరీ రొలే అనే స్త్రీని తమ మూలపుటమ్మగా గర్వంగా చెప్పుకుంటారు.

గర్వించదగిన మనిషే. పారిస్‌లో పుట్టిన మరీ 1601లో లూయి ఎబేర్‌ను పెళ్ళాడింది. అతనిది మందులు నూరి ఇచ్చే వృత్తి. 1617లో ఇల్లు అమ్ముకుని ముగ్గురు పిల్లలతో రేవుకు చేరాక, కంపెనీవారు మాట తప్పి ఒప్పుకున్న జీతాన్ని సగానికి తగ్గించారు. వెనక్కి పోదామంటే ఇల్లు లేదు. ఓడ ఎక్కారు. క్యూబెక్‌లో కాపురం పెట్టిన తొలి ఫ్రెంచి కుటుంబాలలో వారిదొకటి. భర్తతో కలిసి ఆమె రోగులకు సేవ చేసింది. ఆ నేలకు అసలు హక్కుదారులైన ఇన్నూ ప్రజల పిల్లలను చేరదీసింది, జ్ఞానస్నానం పొందిన పలువురికి జ్ఞానతల్లిగా నిలిచింది. వైద్యుడన్న పేరు మాత్రం భర్తకే దక్కింది. ఇళ్ళలో ఇది కొత్త సంగతి కాదు కదా!

పెద్దకూతురు పెళ్ళయిన కొద్దికాలానికే కాన్పులో చనిపోయింది. 1627లో భర్త మంచుమీద జారిపడి, ఆ దెబ్బతోనే కన్నుమూశాడు. 1629లో ఆంగ్లేయులు క్యూబెక్‌ను పట్టుకున్నప్పుడు ఫ్రెంచివారు చాలామంది వెళ్ళిపోయినా ఆమె కుటుంబం కదలలేదు. 1649లో మరీ మరణించింది. రెండవ కూతురు గియెమెత్‌కు పదిమంది పిల్లలు. 1684లో ఆమె చనిపోయేనాటికి ఆ సంతతి రెండు వందలు దాటిపోయింది.

అయితే అదే ఇంట్లో మరొక బిడ్డ కూడా పెరిగాడు. ఆంగ్లేయులు ఆఫ్రికా ప్రాంతం నుంచి తెచ్చి అమ్మిన నల్లజాతి పసివాడు. 1632లో వాళ్ళు వెళ్ళిపోయేటప్పటికి అతను గియెమెత్ భర్త కూయార్ ఇల్లు చేరాడు. యేసుసభ గురువులు పాల్ లెజ్యూన్ గారు అతనికి అక్షరాలు నేర్పారు. జ్ఞానస్నానం పొందితే నువ్వూ మాలాంటివాడివి అవుతావని ఇంటి యజమానురాలు చెబితే, అయితే నా చర్మం ఒలిచేస్తారా అని ఆ పిల్లవాడు అడిగాడట. చుట్టూ ఉన్నవారు నవ్వారు. ఈ మాట రాసిపెట్టినది ఆ గురువులే. 1633లో అతనికి ఒలివియే లెజ్యూన్ అని జ్ఞానస్నానమిచ్చారు. పేరు కంపెనీ గుమాస్తాది, ఇంటిపేరు గురువులది. కన్నవారు పెట్టిన పేరు మిగలలేదు. 1654లో అతన్ని సమాధి చేసినప్పుడు రిజిస్టరులో సేవకుడు అని రాశారు. బానిసత్వాన్ని ఆ దేశంలో చట్టం ఒప్పుకున్నది 1709లో. కాబట్టి కాగితం మీద అతను బానిస కాడు. స్వతంత్రుడని రాసిన కాగితమూ లేదు.

ఇతను ఆ కుటుంబంలో వాడేనా? ఆ కాలం అలాంటిది, ఎప్పటివో తప్పులు ఇప్పుడు మనుమలకెందుకు అంటారు కొందరు. నిజమే, పాపం వారసత్వంగా రాదు. ముత్తవ్వ చేసిన తప్పుకు మునిమనుమడు పాపసంకీర్తనం చేయనక్కరలేదు. కానీ ఆ లెక్కన ఆమె పుణ్యం కూడా అతనిది కాదు. రోగుల పక్కన ఆమె మేలుకున్న రాత్రులను మాత్రం మావి అని చెప్పుకుని, ఆ పిల్లవాడి ప్రశ్నను మాది కాదంటే అది ఏం న్యాయం? ఆస్తి పంచుకునేవాడు అప్పును పక్కింటికి పంపగలడా?

మత్తయి సువార్త మొదటి అధ్యాయం చూడండి. క్రీస్తునాథుని వంశావళిలో తామారు ఉంది, రాహాబు ఉంది, అన్యజాతి రూతు ఉంది. దావీదు చేసిన అన్యాయం దాచకుండా ఊరియా భార్య అనే రాసి ఉంది. మన ఇళ్ళ చరిత్ర మనం ఇలా చెబుతామా? తాతగారి దానధర్మాలు పిల్లలకు కథలుగా చెబుతాం. ఆ ఇంట్లో నలభై ఏళ్ళు గొడ్లు కాసిన మనిషి పేరు అడిగితే, గుర్తులేదు అంటాం.

1918లో క్యూబెక్‌లో ఎబేర్ కుటుంబానికి స్మారకం కట్టారు. అందులో పిల్లలతో మరీ రొలే ఉంది, అల్లుడు కూయార్ ఉన్నాడు. ఒలివియే లేడు. అతని పేరు కావాలంటే రిజిస్టరులోనే వెతకాలి.