ఎవ్వరితోను చెప్పవద్దన్నవాని మాట

చిరంజీవి బుజ్జితల్లికి తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.

ఉగాదికి నీవు రాకపోవుటయు, ఫోను చేసినప్పుడెల్ల ‘పని ఎక్కువగా ఉంది తాతయ్యా’ అను ఒక్క మాటతో ముగించుటయు, మెడలో గొలుసు ఏదని మీ అమ్మ అడుగగా తెగినదని చెప్పి మరి దాని ఊసెత్తకుండుటయు చూచి, నాకు తోచవలసినది తోచినది. ఏమి జరిగినదని నేనడుగను. ఎంత పోయినదని అంతకన్నను అడుగను. మన యింటి సంగతి యొకటి, ఇంతవరకు మీ అమ్మతో సైతము పూర్తిగా చెప్పనిది, నీకు వ్రాయవలెనని కూర్చుంటిని.

నడవలోనున్న మీ ముత్తాతగారి పటము చూచి, ఆయన ఎప్పుడును అంత కోపముగా నుండెడివారా యని నీవు చిన్ననాడు అడిగితివి; నేను మాట దాటవేసితిని. ఆయన కోపిష్ఠి కాదమ్మా. తెనాలిలో ఉపాధ్యాయులుగా నుండిన దినములలో, విస్తరి ముందు కూర్చున్నను పద్యమొకటి రాగయుక్తముగా చదివిననే గాని ముద్ద యెత్తని రసికులు. నేను హైస్కూలులో నుండగా, మా పేటలో చీటీలు నడుపుచు, సాయంకాలములందు మా అరుగుమీదనే వేదాంతగోష్ఠి జరుపుచు, ఊరివారి చేత ధర్మాత్ముడనిపించుకొనిన పెద్దమనిషి యొకడు ఒకనాడు దివాలా తీసితినని ఐ.పి. పెట్టి కనబడకుండ పోయెను. మా అక్క పెండ్లికని నాన్నగారు కూడబెట్టిన సొమ్మంతయు ఆ చీటీలతోనే పోయెను.

మునిగినది మేమొక్కరమే కాదు. పాలమ్మి, పిండి విసరి, మిరపకాయలు తొడిమలు తీసి, పోపులపెట్టెలో దాచిన రూపాయలు కట్టిన మా వీధి ఆడువారు అనేకులు ఆ చీటీలలో నుండిరి. మా ఎదురింట అప్పడములు చేసి అమ్ముకొను వృద్ధవితంతువు ఉండెడిది. ఆమెను అందరును అప్పడాల మామ్మ అనెడివారు. దీపాలవేళకు వారందరు ఆమె అరుగు చేరెడివారు. క్రొత్తగా వచ్చినదానిని ఆమె ఏమియు అడిగెడిది కాదు. పీట ముందుకు జరిపి, అప్పడాల కర్ర చేతికిచ్చి, మినపపిండి ఉండలు ఎదుట పెట్టెడిది. చేతులు పనిలో పడిన కొంతసేపటికి ఆ మనిషి నోరు తనంతట తానే విప్పెడిది. ఏడ్చిన ఏడ్వనిచ్చెడివారు, దుమ్మెత్తిపోసిన పోయనిచ్చెడివారు, ‘నీకా మాత్రం తెలివి లేదా, ఎలా నమ్మావు?’ అని ఎవ్వతెయైన అన్నచో మామ్మ కర్ర నేలకు కొట్టి ‘నువ్వూ నమ్మావుగా!’ అనెడిది. కొన్నాళ్లకు అక్షరములు వచ్చిన పిల్ల యొకతె లాంతరు వెలుగులో చీటీ పుస్తకములన్నియు చూచి, ఎవరికెంత రావలెనో ఒక్క కాగితముమీద ఎక్కించినది. వారందరు కలిసి కోర్టుకెక్కిరి. ఏండ్లు గడచిన పిమ్మట రూపాయికి నాలుగణాల వంతున చేతికి వచ్చినవి. అంతకు చాల ముందే వారికి నిద్ర పట్టనారంభించినది, తల్లీ. నేను చెప్పదలచిన సంగతి ఇదియే.

ఆ కాగితములో చేర్చుటకు నాన్నగారి పేరును అడిగి రమ్మని మామ్మ నన్ను పంపినది. ఆయన పడక కుర్చీలో తల యెత్తకుండ, ‘మనకేమీ పోలేదని చెప్పిరా’ అనిరి. పదిమంది పిల్లలకు బుద్ధులు చెప్పు తాను మోసపోతినని పాలమ్మువారి సరసన కూర్చుండి చెప్పుకొనుటకు ఆయనకు అభిమానము అడ్డువచ్చెను. వీధి దాటి ఆ అబద్ధమును మోసికొనిపోయినవాడను నేను. నా మొగము చూచి మామ్మ ఏమియు అనలేదు. నా చేతిలో ఒక వేచిన అప్పడము పెట్టి పంపివేసినది. రెండెకరములు అమ్మి అక్క పెండ్లి చేసిరి. విస్తరి ముందు పద్యము మాత్రము మరల వినబడలేదు. కొలదియేండ్లలోనే గుండెజబ్బుతో నాన్నగారు పోయిరి. పెట్టె అడుగున పంచెల మడతలలో ఆ చీటీ పుస్తకము దొరకినది. పోయిన ధనము వారిని చంపెనని నేను నేటికిని నమ్మను. డబ్బు పోయిన ఇండ్లు ఆ వీధిలో పది యుండగా, మౌనము ప్రవేశించిన ఇల్లు మాదొక్కటియే.

ఆనాటి మోసగానికి మొగమైన నుండెడిది. వాని గుమ్మమున నిలిచి నలుగురు మన్ను పోయగలిగిరి. ఈ కాలమున దొంగకు రూపములేదు, ఊరులేదు. పోలీసు దుస్తులు ధరించి తెరమీద ప్రత్యక్షమై, నీ పేర పార్సిలులో మాదకద్రవ్యములు దొరకినవనియు, నిన్ను ‘డిజిటల్ అరెస్టు’ చేసితిమనియు గర్జించును. లేదా ఇంటినుండి చేయు ఉద్యోగమని మొదట వందలు చేతిలో పెట్టి పిమ్మట లక్షలు లాగుకొనును. ‘డిజిటల్ అరెస్టు’ అనునది మన చట్టములో ఎచ్చటను లేదని 2024 అక్టోబరులో ప్రధానమంత్రి స్వయముగా రేడియోలో చెప్పవలసి వచ్చినది. ఆ ఒక్క సంవత్సరములోనే దేశములో సైబరు నేరగాండ్రు దోచుకొనినది 22,000 కోట్ల రూపాయలకు పైబడినదని ప్రభుత్వము పార్లమెంటుకు తెలిపినది. అందు చిక్కినవారిలో వైద్యులు, ఆచార్యులు, ఇంజనీర్లు కలరు. చదువుకున్నవారు మోసపోరను మాట చదువుకున్నవారు పుట్టించినదే. అందువలననే వారు మరింత గుట్టుగా కుమిలిపోవుచున్నారు.

ఒక్క సంగతి గమనింపుము. ఈ దొంగలందరు మొట్టమొదట విధించు ఆజ్ఞ ఒక్కటే: ‘ఎవ్వరితోను చెప్పవద్దు.’ తలుపు వేసికొమ్మందురు, ఫోను పెట్టివేయవద్దందురు, అమ్మతో చెప్పిన అమ్మను కూడ పట్టుకొందుమందురు. మనిషి ఒంటరియైనగాని వారి మంత్రము పారదు. సొమ్ము పోయి, వారు మాయమైన తరువాతను మనము నోరు మెదపక కూర్చున్నచో, వారి ఆజ్ఞను ఇంకను శిరసావహించుచున్నామన్నమాట.

మన రాష్ట్రమున అగ్రిగోల్డు అను డిపాజిట్ల సంస్థ కూలినప్పుడు ఏమి జరిగినదో నీవు చిన్నదానవు, ఎరుగవు. సుమారు 32 లక్షలమంది సొమ్ము అందులో చిక్కుకొనినది. ఏజెంట్లనగా ఎవరు? ఊరి టీచరు, బావమరిది, పక్కింటి అక్క. తమ మాట నమ్మి బంధువులు కట్టిన డబ్బు పోయినదని తల యెత్తుకొనలేక ప్రాణములు తీసికొన్నవారును కలరు. అట్టిచోట డబ్బు కట్టినవారును, కట్టించినవారును ఒక్క సంఘముగా ఏర్పడి, ఒక్క శిబిరములో ప్రక్కప్రక్కన దీక్షలకు కూర్చుండిరి. అది నాకు మహాకార్యముగా తోచును. 2019లో పదివేల రూపాయల లోపు కట్టినవారికిని, 2021లో ఇరువదివేల లోపువారికిని రాష్ట్ర ప్రభుత్వము చెల్లించినది. పెద్ద మొత్తములు కట్టినవారికి అది ఊరట కాలేదు. అయినను ఆ శిబిరములో ‘ఎలా నమ్మావు?’ అని అడుగువాడు లేకపోవుటయే సగము ఔషధము.

ఇక చేయవలసిన పని చెప్పెదను. ఫిర్యాదు చేయనియెడల ఈ ఉత్తరము మడవకముందే సైబరు నేరముల సహాయ సంఖ్య 1930కి ఫోను చేయుము; సైబర్‌క్రైమ్ పోర్టలులో వ్రాసి, వచ్చిన ఫిర్యాదు సంఖ్యను బ్యాంకువారికి వ్రాతపూర్వకముగా ఇమ్ము. మొదటి గంటలలో చేసినది శ్రేష్ఠము, ఆలస్యమైనను మానవలదు. దొంగ ఖాతాలలో స్తంభింపజేసిన సొమ్మును తెలంగాణలో లోక్ అదాలత్ ద్వారా బాధితులకు తిరిగి ఇప్పించుచున్నారు. నీ సొమ్ము వచ్చి తీరునని నేను చెప్పను. సందేశములు, లావాదేవీల కాగితములు ఒక్కటియు చెరపకుము.

పోయిన డబ్బు మేము రప్పించెదమని, ముందుగా రుసుము కట్టుమని ఎవరైన వచ్చిరా, వాడు రెండవ దొంగ. మోసపోయినవారి పట్టికలు ఈ దొంగలు తమలో తాము అమ్ముకొందురు. బాధితుల బృందమని చెప్పి డబ్బు గాని, ఓటీపీ గాని, ఒంటరిగా మాటలాడుటకు గాని అడిగినచో ఆ బృందమును విడిచి వెడలుము. అప్పు తీర్చుటకు యాప్‌లో మరియొక అప్పు చేయకుము. ఎంత కావలెనో నాతో చెప్పుము, నా డిపాజిటు ఉన్నది దానికే. రాత్రులు నిద్ర పట్టకున్నను, చెడ్డ ఆలోచన వచ్చినను మనోవ్యథకు సహాయము చేయు టెలిమానస్ 14416కు ఫోను చేయుము. ఏ వేళనైనను తెలుగులో మాటలాడెదరు, డబ్బు తీసికొనరు. సైబరు పోలీసు స్టేషను బల్లమీద నీ ప్రక్కన కూర్చున్నవారెవరైనను ఉందురు. వారిని పలుకరించి, వారమునకొకసారి టీ త్రాగుటకు రమ్మనుము. ఇద్దరైనను చాలు. జరిగినది మొదటినుండి చివరివరకు ఒకరికొకరు చెప్పుకొనుడు.

మీ అమ్మకు నీవే చెప్పవలెను, నేను చెప్పను. ఆమె మొదట కేకలు వేయును, పిమ్మట అన్నము తింటివా యని అడుగును. శనివారము ఉదయపు బండికి నేను హైదరాబాదు వచ్చుచున్నాను. బ్యాంకు కాగితములన్నియు ఒకచోట పెట్టి ఉంచుము.

ఇట్లు,
తాతయ్య