పెంచిన పిల్లికి సేవ చేయడం మోహమా, ధర్మమా? జడభరతుడి కథలో మనం మరిచిపోయే మాట



పోయిన వారం వీడియోలో భాగవతం పంచమ స్కంధంలోని జడభరతుడి కథ చెప్పుకున్నాం కదా. చూడనివాళ్ళ కోసం క్లుప్తంగా చెబుతాను. ఋషభదేవుడి కొడుకు భరత చక్రవర్తి రాజ్యం వదిలేసి, గండకీ నది ఒడ్డున పులహాశ్రమంలో తపస్సు చేసుకుంటున్నాడు. ఒకరోజు నిండు చూలాలైన లేడి నీళ్ళు తాగడానికి వచ్చింది. సింహగర్జన విని బెదిరి నది దాటబోతూ గెంతింది. కడుపులోని పిల్ల జారి నీళ్ళలో పడింది, తల్లి చచ్చిపోయింది. భరతుడు ఆ పిల్లను తెచ్చి పెంచాడు. పెంచుతూ పెంచుతూ జపం మానేశాడు, పూజ మానేశాడు. చివరి క్షణంలో కూడా మనసంతా దాని మీదే ఉండి, మరుజన్మలో లేడిగా పుట్టాడు.

"కాబట్టి పెంపుడు జంతువుల మీద వ్యామోహం పెంచుకోకూడదు" అని వీడియో ముగించాను.

ఆ రాత్రి రెండు గంటలకి నేను మా ఇంటి వెనక వరండాలో, టార్చి పట్టుకుని, పిల్లి ట్రే ముందు కూర్చుని ఉన్నాను.

మా పిల్లి పేరు గోపయ్య. అమ్మ పెట్టిన పేరు. వాడు ట్రేలోకి వెళ్ళడం, ముక్కడం, రెండు చుక్కలు పడగానే బయటికి రావడం, మళ్ళీ వెళ్ళడం. గంటలో ఆరుసార్లు. నేను దేవుణ్ణి తలుచుకోవడం లేదు. వాడికి ఇంకో చుక్క పడుతుందా అని చూస్తున్నాను. అప్పుడు నాకే సిగ్గేసింది. పొద్దున కెమెరా ముందు చెప్పిందేమిటి, ఇప్పుడు చేస్తున్నదేమిటి? నేనూ భరతుడి దారిలోనే ఉన్నానా?

ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే. వీడియోలో నేను తొందరపడి ముగించిన మాటని ఇక్కడ సరిదిద్దుకోవాలి.

జబ్బు సంగతి ముందు చెప్పాలి

మగపిల్లికి మూత్రనాళం పొడుగ్గా, సన్నగా ఉంటుంది, చివరికి వచ్చేసరికి మరీ సన్నం. మూత్రంలో ఇసుకలాంటి స్ఫటికాలు, జిగురు, చిన్న రాళ్ళు చేరితే అక్కడే అడ్డుపడతాయి. పూర్తిగా మూసుకుపోతే అది ప్రాణాపాయం. మూత్రం వెనక్కి తన్ని కిడ్నీలు దెబ్బతింటాయి, రక్తంలో పొటాషియం పెరుగుతుంది, రెండు మూడు రోజుల్లోనే గుండె ఆగిపోవచ్చు. చాలామంది "మలబద్ధకం ఏమో, పొద్దున చూద్దాం" అనుకుని పిల్లిని పోగొట్టుకుంటారు. మగపిల్లి ముక్కుతూ ఉండి మూత్రం రాకపోతే పొద్దుటిదాకా ఆగకండి. ఈ వ్యాసంలో ఇంకేమీ గుర్తుండకపోయినా ఇది గుర్తుంచుకోండి.

గోపయ్యకి రెండుసార్లు అలా మూసుకుపోతే గొట్టం వేసి తీశారు. మూడోసారి ఆపరేషన్ చేశారు. పెరినియల్ యూరెత్రోస్టమీ అంటారు దాన్ని. ఆ సన్నటి చివరి భాగం తీసేసి, వెనకాల వెడల్పుగా ఉన్న చోట మూత్రానికి దారి పెడతారు. మెడకి కోన్ కట్టుకుని వాడు గోడలకి గుద్దుకుంటూ తిరిగిన రోజులు గడిచాయి. హమ్మయ్య, గండం గడిచింది అనుకున్నాం. ఆంజనేయస్వామికి ఆకుపూజ కూడా చేయించాం.

నాలుగు నెలలకి ట్రేలో నెత్తురు చుక్కలు కనిపించాయి.

డాక్టరుగారు ఒక మాట అన్నారు: "దారి వెడల్పు చేశానండీ. ట్యాంకు పాతదే కదా!" అంటే, ఆపరేషన్ వల్ల అడ్డుపడే ప్రమాదం బాగా తగ్గుతుంది. మూత్రసంచిలో వచ్చే వాపు, స్ఫటికాలు తయారయ్యే తత్త్వం పోవు. పైగా దారి పొట్టిదయింది కాబట్టి బయటి క్రిములు లోపలికి చేరడం తేలిక. కొన్నిసార్లు కొత్త దారి కూడా మచ్చకట్టి ఇరుకవుతుంది. అందుకే ప్రతిసారీ పరీక్ష చేయించి, ఇది ఏ రకమో తెలుసుకోవాలి. క్రిములు ఉన్నాయని కల్చర్ పరీక్షలో తేలితేనే యాంటీబయాటిక్. స్ట్రువైట్ అనే రకం రాళ్ళు ప్రత్యేకమైన ఆహారంతో కరుగుతాయి, ఆక్సలేట్ రకం కరగవు. ఇంట్లో ఉన్న నొప్పి మాత్ర ఇద్దామనుకోకండి, పారాసెటమాల్ పిల్లికి విషం.

చాలా పిల్లుల్లో క్రిములూ ఉండవు, రాళ్ళూ ఉండవు. బెదురు, దిగులు, ఇంట్లో మార్పు, వీటివల్లే మూత్రసంచి వాచిపోతుంది. మా వాడికి ఆ మొదటిసారి ఎప్పుడొచ్చిందో తెలుసా? దేవీ నవరాత్రుల్లో. ఇంటినిండా చుట్టాలు, మైకు, వీడియో లైట్లు. మడి అని చెప్పి నేనే వాడి ట్రే తీసుకెళ్ళి బాత్రూంలో మూల పెట్టాను. అక్కడికి వెళ్ళాలంటే పదిమందిని దాటాలి. వాడు వెళ్ళలేదు, బిగబట్టుకున్నాడు. నేను అమ్మవారికి తొమ్మిది రోజులు తొమ్మిది నైవేద్యాలు పెడుతున్నప్పుడు, అదే ఇంట్లో నా వల్ల ఒక ప్రాణి బాధపడుతోంది. ఈ విషయం ఒప్పుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది.

"దాని కర్మ అది అనుభవించాలి"

పక్కింటి పెద్దాయన మంచి మనిషి, పూజాపునస్కారాలు తెలిసినవారు. "ఎందుకు నాయనా ఇంత హైరానా? దాని ప్రారబ్ధం అది అనుభవించి పోతుంది. మధ్యలో నువ్వు అడ్డుపడితే ఆ మిగిలింది మళ్ళీ జన్మలో అనుభవించాలిగా" అన్నారు.

ఈ మాట మనలో చాలామంది అంటాం. కాస్త ఆగి ఆలోచించండి. మన పంటికి నొప్పి వస్తే ప్రారబ్ధం అని కూర్చుంటామా? డాక్టరు దగ్గరికి పరిగెత్తుతాం. అప్పుడు గుర్తురాని కర్మ సిద్ధాంతం పిల్లి విషయంలో ఎందుకు గుర్తొస్తుంది? జబ్బు వాడి ప్రారబ్ధమే అనుకుందాం. ఊళ్ళో ఇన్ని ఇళ్ళు ఉండగా మా గుమ్మంలోకి వచ్చి పడటం కూడా వాడి ప్రారబ్ధమే కదా! టార్చి పట్టుకుని కూర్చోవడం నా ప్రారబ్ధం. సగం లెక్క వాడికి రాసి, మిగతా సగం నేను తప్పించుకుంటే ఎలా?

కర్మ సిద్ధాంతం మనకి వచ్చిన కష్టాన్ని ఓర్చుకోవడానికి పెద్దలు ఇచ్చిన మందు. ఎదుటివాడి కష్టాన్ని చూడకుండా కళ్ళు మూసుకోవడానికి ఇచ్చిన గంతలు కాదు.

మరి భరతుడు చేసిన తప్పేమిటి?

అసలు ప్రశ్నకి వద్దాం. ఆ రాత్రి తర్వాత నేను కథ మళ్ళీ మొదటినుంచీ చదివాను. మనం లేడి దగ్గరే ఆగిపోతాం. కథ అక్కడ ఆగదు.

లేడి జన్మ అయ్యాక భరతుడు బ్రాహ్మణుడి ఇంట పుట్టాడు. పూర్వజన్మలు గుర్తున్నాయి. మళ్ళీ ఎక్కడ సంగంలో పడతానో అని మూగవాడిలా, మందబుద్ధిలా తిరిగేవాడు. అందుకే జడభరతుడు అన్నారు. ఒకసారి సింధు సౌవీర దేశాల రాజు రహూగణుడు పల్లకీలో వెళుతూ, బోయీ ఒకడు తక్కువైతే ఇతన్ని పట్టుకొచ్చి పల్లకీ మోయించారు. పల్లకీ ఊగిపోతోంది. రాజుకి కోపం వచ్చింది, వెటకారంగా తిట్టాడు. అప్పుడు జడభరతుడు నోరు విప్పి చెప్పిన జ్ఞానానికి రాజు పల్లకీ దిగి కాళ్ళమీద పడ్డాడు.

పల్లకీ ఎందుకు ఊగింది? ఇదే మనం మరిచిపోయే మాట. జడభరతుడు బాణమంత దూరం ముందుకి నేల చూసుకుంటూ, ఏ చిన్న ప్రాణీ కాలికింద పడకుండా అడుగు వేస్తున్నాడు. మిగతావాళ్ళ నడకకీ ఇతని నడకకీ పొంతన కుదరలేదు. అందుకే ఊగింది!

చూశారా! ఒక లేడిపిల్ల వల్ల రెండు జన్మలు వెనకబడ్డవాడు. "ఇక ఏ జీవినీ పట్టించుకోను" అని అనుకోవాలి కదా? అనుకోలేదు. రాజు చేత తిట్లు తింటూ కూడా చీమని తప్పించి నడిచాడు. అంటే ఆ రెండు జన్మల్లో పోయింది దయ కాదు. "నాది" అన్న మాట పోయింది. లేడి నాది, అది లేకపోతే నేనేమైపోతాను, ఇదీ మోహం. చీమ ఎవరిదీ కాదు, అయినా తప్పుకుని నడిచాడు, అదీ దయ. లేడిని నీళ్ళలోంచి తీయడం భరతుడి తప్పు కాదు. దాన్ని తన సొంతం చేసుకోవడం తప్పు.

రెండూ ఒకేలా కనిపిస్తాయి, ఎలా తెలుసుకోవడం?

బయటికి రెండూ ఒకటే. రెండిట్లోనూ మనిషి ట్రే ముందు కూర్చునే ఉంటాడు. తేడా చేతల్లో తెలుస్తుంది.

మోహం వాడికి ఇష్టమైంది పెడుతుంది. గోపయ్యకి కరకరలాడే పొడి గింజలంటే ప్రాణం. కాళ్ళు రాసుకుని అడిగితే కాదనలేక అవే పెట్టేవాళ్ళం. పిల్లి స్వభావంగానే నీళ్ళు తక్కువ తాగుతుంది, పొడి తిండితో మూత్రం ఇంకా చిక్కబడుతుంది. వాడికి కావలసింది తడి ఆహారం, నాలుగు చోట్ల నీళ్ళ గిన్నెలు, ప్రశాంతమైన చోట శుభ్రమైన ట్రేలు. ఇంట్లో ఎన్ని పిల్లులుంటే వాటికంటే ఒక ట్రే ఎక్కువ ఉండాలి. దయ బాణమంత దూరం ముందుకి చూస్తుంది. రోజూ ట్రేలో ఎన్ని ఉండలు కట్టాయి, ఎంత పెద్దవి, రంగేమిటి అని చూసుకుంటుంది. అందులో ముద్దూమురిపెం ఏమీ లేదు, చీపురు పట్టడం లాంటి పనే.

తడి ఆహారం అంటే చేప, కోడి. మా ఇల్లు శాకాహారం. ఇది నన్ను నిజంగా బాధపెట్టిన విషయం. కానీ పిల్లి దేహం మాంసం మీదే నిలబడేలా పుట్టింది. టౌరిన్ అనే పదార్థం అందకపోతే దాని చూపు పోతుంది, గుండె జబ్బు వస్తుంది. మనం ప్రేమగా పెట్టే పాలూ పెరుగన్నంతో దాని అవసరం తీరదు. చివరికి అమ్మే తేల్చింది: "పులికి గడ్డి పెట్టమని ఏ శాస్త్రమూ చెప్పలేదురా. నీ నియమం నీ కంచంలో ఉంచుకో." వరండాలో వేరే పళ్ళెం, వేరే చెంచా పెట్టాం. అందులో హింస లేదని నేను అబద్ధం చెప్పను. ఆ డబ్బాలో ఉన్నదీ ఒక ప్రాణే. దాని బరువు తెలిసే పెడుతున్నాను.

మోహం అలసిపోతుంది. ఆపరేషన్ రోజు పదివేలు ఖర్చుపెట్టగలదు, ఆకుపూజ చేయించగలదు. నలభయ్యోసారి ట్రే కడగమంటే విసుక్కుంటుంది. ఎందుకంటే దానికి ఫలం కావాలి, "బాగైపోయాడు" అన్న మాట వినాలి. తిరగబెట్టే జబ్బు ఆ మాట మనకి ఇవ్వదు. గీతలో స్వామి ఫలం మీద ఆశ వదిలి కర్మ చేయమన్నది నేను ఎన్నోసార్లు మీకు చెప్పాను. దాని అర్థం నాకు కాస్త తెలిసింది మాత్రం ఆ ట్రే కడుగుతున్నప్పుడే. ఈరోజు కడిగినందువల్ల రేపు నెత్తురు రాదని ఎవరూ హామీ ఇవ్వరు. అయినా కడగాలి.

ఆపరేషన్‌కి డబ్బు లేనివాళ్ళు పాపం చేసినట్టు కాదండి. ఎవరి శక్తి వారిది. నీళ్ళ గిన్నె పెట్టడానికీ, కళ్ళు తెరిచి చూడడానికీ డబ్బు అక్కర్లేదు.

ఇంకొకటి, అడగడానికి కూడా కష్టమైనది. ఒకరోజు మందులు పనిచేయక, కిడ్నీలు పోయి, వాడు తినడం మానేస్తే? బాధ లేకుండా పంపించేయమని డాక్టరుగారు అంటే? ఇందులో పెద్దల మధ్యే ఏకాభిప్రాయం లేదు, నేను తీర్పు చెప్పలేను. ఒక్కటి మాత్రం తెలుసు. ఆ రోజు "వాడు లేకపోతే నేనెలా ఉంటాను" అని అడిగితే అది భరతుడి లేడి. "ఈరోజు వాడికి ఎలా ఉంది" అని అడిగితే అది చీమని చూసిన చూపు. నిర్ణయం ఏదైనా ఆ రెండో ప్రశ్నలోంచే రావాలి.

పిల్లికూన న్యాయం

శ్రీవైష్ణవంలో శరణాగతికి మార్జాల కిశోర న్యాయం అని చెబుతారు. కోతిపిల్ల తల్లిని తనే పట్టుకుంటుంది. పిల్లికూన ఏమీ చేయదు, తల్లే నోట కరుచుకుని తీసుకెళుతుంది. తెంగలై సంప్రదాయంలో జీవుడు అలా ఉండాలంటారు. నేను దీన్ని ఎప్పుడూ కూన వైపునుంచే ఆలోచించాను, "స్వామీ, నన్ను కరుచుకో" అని. తువ్వాలులో చుట్టి మందు వేస్తుంటే గోపయ్య నా చెయ్యి రక్కినప్పుడు మొదటిసారి తల్లి వైపునుంచి ఆలోచించాను. వాడికి నేను చేసేది అర్థం కాదు. వాడి లెక్కలో అది దౌర్జన్యమే. అయినా వదలకూడదు, గట్టిగా నొక్కకూడదు. ఎలుకని చంపే పళ్ళతోనే కూనని గాటుపడకుండా పట్టుకోవాలి.

నాకు అర్థంకాని కష్టాలు వచ్చినప్పుడు నేనూ స్వామిని ఇలాగే రక్కి ఉంటాను.

ఆ రాత్రి మూడున్నరకి వాడికి నిమ్మకాయంత ఉండ కట్టింది. దారి మూసుకుపోలేదు. పొద్దున్నే ఆస్పత్రికి తీసుకెళ్ళాం, వాపేనన్నారు, మందు మొదలుపెట్టాం. మళ్ళీ వస్తుంది, తెలుసు. ఈసారి నవరాత్రులకి ట్రే వరండాలోనే ఉంటుంది, అక్కడికి చుట్టాలు వెళ్ళకుండా తలుపు వేస్తాం. మడి సంగతి అమ్మవారు చూసుకుంటుంది.

మీ ఇంట్లో ఇలాంటి మూగజీవి ఉంటే, సేవ చేస్తున్నందుకు "నేను మోహంలో పడ్డానేమో" అని భయపడకండి. "నాది" అన్న మాట తీసేసి చూడండి. అప్పటికీ చేయాలనిపిస్తే అది ధర్మమే.

వచ్చే వారం రహూగణుడికి జడభరతుడు చేసిన ఉపదేశం చెప్పుకుందాం. జై శ్రీమన్నారాయణ.