అకృతాభ్యాగమము

మురుగునీటి శుద్ధి కేంద్రముల గట్టు వెలుపల, గడ్డి నడుమ, మూతవేసి తాళము బిగించిన గొట్టమొకటి నేలపైకి మూరెడు పొడుగున నిలిచి యుండును. అదియు బావియే; కాని దానికి గిలక లేదు, చేద లేదు, ఆ నీరు త్రాగువారు లేరు. భూగర్భజల శాఖవారు నీటిమట్టము కొలుచుటకై దింపించు పీజోమీటర్ల జాతిలోనిదే యైనను, పైనున్న మురుగు అడుగునకు దిగుచున్నదా యను సంగతి కూడ ఇది చెప్పవలెను. అందులకు ఒక్క బావి చాలదు. భూజలము వచ్చు దిక్కున ఒకటియు, పోవు దిక్కున రెండు మూడును ఉండి, ఎగువ బావిలో లేని నైట్రేటు దిగువ బావిలో కనబడినచో, నడుమనున్న కేంద్రము సంజాయిషీ చెప్పుకొనవలెను.

గొట్టములో నిలిచిన నీటికి మూడింతలు తోడి పారబోసి, పిమ్మట ఊరినదానినే సీసాకు పట్టి మంచుపెట్టెలో పంపవలెనను నియమము వినినపుడు, రాత్రి నిలువయున్న బిందెలను తెల్లవారగనే ఒలకబోయించిన మా ఇంటి మడిముసలమ్మ నాకు జ్ఞప్తికి వచ్చినది. ఆమె ఆచారమును నేను చాల కాలము పరిహసించితిని.

ఆచారమునే గాక శాస్త్రమును గూడ ఈ బావి నాకు జ్ఞప్తికి తెచ్చును. నేడు ముగిసిన యాగము ఏనాడో ఫలమిచ్చువరకు దేనియందు నిలిచియుండునని ప్రశ్నించుకొని, మీమాంసకులు కంటికి కానరాని ‘అపూర్వము’ను కల్పించిరి. చేసిన కర్మ ఫలింపక నశించుట కృతనాశమనియు, చేయని కర్మ ఫలము వచ్చి తగులుట అకృతాభ్యాగమమనియు, ఈ రెండును దోషములనియు మన శాస్త్రకారు లెల్లరు నొప్పుకొనిరి. అయితే ఏలూరునుండి తాడేపల్లిగూడెము పోవు దారికి ఉత్తరమున మెట్టయు దక్షిణమున డెల్టాయు నుండుట చూచినవానికి ఈ రెండవ దోషము గ్రంథములలోని మాటగా తోచదు. మెట్టనుండి దిగివచ్చిన తమ్మిలేరు ఏలూరువద్ద రెండు పాయలై, పట్టణపు మురుగును మోసికొని, కొల్లేట పడుచున్నది; కొల్లేటినుండి ఉప్పుటేరు సముద్రమునకు పోవుచున్నది. మెట్టలో ఎంతో లోతునకు గాని పడని నీరు డెల్టాలో కొలది అడుగులకే ఊరును. నల్లమట్టి కొంత అడ్డుకొనును గాని, ఇసుక పొర తగిలినచోట ఆ అడ్డును లేదు. భూజలము నడక మందము గనుక, ఎగువవాడు నేడు వదలిన మురుగు అపూర్వమువలె భూమిలో దాగి, ఏండ్లు గడచిన పిదప దిగువవాని చేతిపంపులో ఫలించును. లీటరునకు 45 మిల్లీగ్రాములు దాటిన నైట్రేటు త్రాగునీటికి తగదని ప్రమాణము. అది మిక్కుటమైన నీటితో పాలు కలిపి పోసినచో ఆరు నెలలైన నిండని పసికందు ఒడలు నీలివారును. ఆ బిడ్డ చేసిన కర్మ మేమి?

పూర్వజన్మమున చేసినదని చెప్పవచ్చును. ఆ సమాధానము నాకు సహింపదు; సహింపకుండుట మాత్రమే కాదు, అది మీమాంసకు కూడ విరుద్ధము. దృష్టకారణము దొరకుచుండగా అదృష్టమును కల్పించుట న్యాయము కాదని వారే శాసించిరి. ఆ దృష్టమును చూపుటకే ఈ బావి. చూపువారు లేనిచోట ఏమగునో 2020 డిసెంబరులో ఏలూరు ఎరుగును: 600 మందికి పైగా మూర్ఛలతో ఆసుపత్రి పాలైనపుడు, నీరని కొందరు, పాలని కొందరు, కూరగాయలని కొందరు శంకించిరి, రక్తములో సీసము, నికెలు కనబడెనని ఒక పరీక్షయు, పురుగుమందు లని మరియొకటియు చెప్పెను. గడచిన మాసముల నీటిని నేడు పట్టి పరీక్షింప నెవరి తరము?

ఎవరును ఏమియు పోయకుండుటకై ఆ గొట్టమునకు తాళము వేయుట సమంజసమే. ఎగువ దిగువ అంకెలు వ్రాసియుంచిన పుస్తకమును బీరువాలో పెట్టి దానికిని తాళము వేయుట యెందులకో, దిగువ నున్నవా డడిగినచో నేను చెప్పజాలను.